పోస్టు పెట్టేముందు, పెట్టాక: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో మాటల మీద వచ్చే తగాదాల గురించి ఈసారి ప్రశ్నలు ఎక్కువగా వచ్చాయి. ఒకే రకమైనవాటిని కలిపి జవాబిస్తున్నాం. సెక్షన్ల నంబర్లు 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) ప్రకారం ఇచ్చాం. అంతకు ముందు పెట్టిన పోస్టులకు పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి.

ప్రశ్న: మా కాలనీ సంక్షేమ సంఘం వాట్సాప్ గ్రూపులో నిర్వహణ ఖర్చుల లెక్కలు అడిగాను. రెండోసారి అడిగేసరికి గ్రూపు నుంచి తీసేశారు. మాట్లాడే హక్కు రాజ్యాంగమే ఇచ్చింది కదా, దీని మీద కోర్టుకు వెళ్లవచ్చా?

జవాబు: రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం ప్రధానంగా ప్రభుత్వం పౌరుల నోరు నొక్కకుండా ఉన్న రక్షణ. ప్రైవేటు గ్రూపులో ఎవరుండాలో అడ్మిన్ ఇష్టం. మళ్లీ చేర్చమని దాని ఆధారంగా పోరాడితే డబ్బూ కాలమూ దండగ. కానీ గ్రూపు వేరు, సంఘం వేరు. సంఘం రిజిస్టరై ఉంటే దానికి బైలాస్ (నియమావళి) ఉంటాయి, మీ సభ్యత్వం పోవాలంటే వాటి ప్రకారమే పోవాలి. ఫోన్‌లో ఒక బటన్ నొక్కితే పోదు.

కార్యదర్శికి తేదీ వేసి లేఖ రాయండి. ఏ సంవత్సరం లెక్కలు, ఏ బ్యాంకు ఖాతా స్టేట్‌మెంటు, ఏ పనికి సంబంధించిన ఓచర్లు కావాలో స్పష్టంగా పేర్కొనండి. మీ కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. పెట్టకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. గ్రూపులో అడిగిన ప్రశ్న పది ‘గుడ్ మార్నింగ్’ల కింద కొట్టుకుపోతుంది. జవాబు రాని లేఖను మాత్రం సర్వసభ్య సమావేశంలో బల్లమీద పెట్టవచ్చు.

ప్రశ్న: నేను 400 మంది ఉన్న గ్రూపుకి అడ్మిన్‌ని. ఎవరో అర్ధరాత్రి ఏదో పోస్టు పెడితే పొద్దున్నే పోలీసులు నన్ను పట్టుకెళతారని అందరూ భయపెడుతున్నారు. నిజమేనా?

జవాబు: ఆ భయం చాలావరకు వాట్సాప్‌లో తిరిగే సందేశాలే పెంచినది. సభ్యుడు పెట్టినదానికి కేవలం అడ్మిన్ అయినందువల్ల బాధ్యుడు కాడని బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచ్ 2021 మార్చిలో, కేరళ హైకోర్టు 2022 ఫిబ్రవరిలో చెప్పాయి. ఒకరు చేసిన నేరం మరొకరికి అంటాలంటే చట్టంలో ఆ మేరకు నిబంధన ఉండాలి, లేదా ఇద్దరికీ ముందే ఉమ్మడి ఉద్దేశం ఉండాలి. సభ్యులను చేర్చడం, తీసేయడం తప్ప పోస్టు పడకముందే ఆపే వీలు అడ్మిన్‌కి లేదని కూడా కోర్టులు గమనించాయి.

అడ్మిన్లు చిక్కుల్లో పడేది వేరే చోట. ఆ పోస్టు కింద ‘సూపర్’ అని రాయడం, దాన్నే ఇంకో గ్రూపుకి పంపడం, అలాంటివి పెట్టడానికే గ్రూపు నడపడం. అక్కడ బాధ్యత అడ్మిన్ హోదాకి సంబంధించినది కాదు, స్వయంగా చేసిన పనికి.

అభ్యంతరకరమైనది కనబడితే ముందు పెట్టినవారి నంబరు, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. తర్వాత ఆ మెసేజ్‌ని నొక్కిపట్టి ‘అందరికీ తొలగించు’ ఎంచుకోండి, అడ్మిన్‌కి ఇతరుల మెసేజ్‌లను తీసే వీలుంది. ఎందుకు తీశారో గ్రూపులో ఒక్క వాక్యం రాయండి. ఊళ్లో ఉద్రిక్తత ఉన్న రోజుల్లో రాత్రిపూట ‘అడ్మిన్లు మాత్రమే పంపగలరు’ సెట్టింగు పెట్టుకుంటే మీరూ నిద్రపోవచ్చు.

ఒక్క విషయంలో ఈ వరస తిరగబడుతుంది. పిల్లలకు సంబంధించిన అశ్లీల చిత్రం, వీడియో అయితే స్క్రీన్‌షాట్ తీయకండి, సాక్ష్యం కోసమని కూడా ఎవరికీ పంపకండి. దాన్ని తీసేయకుండా, ఫిర్యాదు చేయకుండా దగ్గర ఉంచుకోవడం కూడా పోక్సో చట్టం కింద శిక్షార్హం కావచ్చని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో స్పష్టం చేసింది. పంపిన నంబరు, సమయం, గ్రూపు పేరు కాగితం మీద రాసుకుని వెంటనే పోలీసులకు తెలపండి.

గ్రూపు నియమాల గురించి కూడా ఒక మాట. ‘అందరూ మర్యాదగా ఉండాలి’ అన్నది నియమంగా పనికిరాదు. మర్యాద అంటే ఏమిటో ఆ రోజు అడ్మిన్ మనసు ఎలా ఉంటే అలా మారుతుంది, చివరికి గిట్టనివాళ్లను గెంటేయడానికి అదే సాకవుతుంది. నియమం ఒక పనిని చెప్పాలి: ‘ఇతరుల ఫోన్ నంబరు, చిరునామా, ఫొటో వారి అనుమతి లేకుండా పెట్టరాదు’, ‘పేరు పెట్టి ఆరోపణ చేస్తే ఆధారం జతచేయాలి’, ‘వార్త అయితే తేదీ, ఎక్కడిదో ఉండాలి’. ఇవి గ్రూపు వివరణలో పెట్టండి. మొదటిసారికి మెసేజ్ తీసేయడం, రెండోసారికి హెచ్చరిక, మూడోసారికి తొలగింపు అని ముందే రాసి ఉంచండి. గొడవలో తానే ఒక పక్షమైన అడ్మిన్ ఆ గొడవ మీద తీర్పు చెప్పకూడదు. అందుకే కనీసం ఇద్దరు అడ్మిన్లు, వీలైతే వేర్వేరు వర్గాలవారు ఉండాలి.

ప్రశ్న: నేను రాసింది కాదు, వచ్చినదాన్ని పంపానంతే. కింద ‘ఫార్వర్డెడ్ యాజ్ రిసీవ్డ్’ అని కూడా పెట్టాను. అయినా తప్పేనా?

జవాబు: ఆ మూడు మాటలకు చట్టంలో ఏ విలువా లేదు. పరువునష్టంలో ప్రచురణ అంటే మూడో వ్యక్తికి చేరవేయడం, మొదట రాసింది ఎవరన్నది తర్వాతి ప్రశ్న. పరువు తీసే ట్వీట్‌ని రీట్వీట్ చేయడం కూడా పరువునష్టం కిందికి రావచ్చని ఢిల్లీ హైకోర్టు 2024 ఫిబ్రవరిలో చెప్పింది. లైక్ కొట్టడం వేరు. అశ్లీలతకు సంబంధించిన ఐటీ చట్టం 67వ సెక్షన్ విషయంలో లైక్ అంటే ప్రచురించడం కాదని అలహాబాద్ హైకోర్టు 2023లో పేర్కొంది.

వాట్సాప్‌లో ఒక మెసేజ్ మీద రెండు బాణాల గుర్తుతో ‘చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడింది’ అని కనబడితే, అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. దాన్ని ఒక్కసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తుంది. కంపెనీ 2020లో ఈ అడ్డు పెట్టింది ఊరికే కాదు. దాన్ని దాటడానికి కాపీ చేసి కొత్త మెసేజ్‌గా అతికించేవారున్నారు. అలా చేస్తే ఫార్వర్డ్ గుర్తు పోయి అది మీ సొంత మాటలా కనబడుతుంది, ‘వచ్చినదే పంపాను’ అని చెప్పుకునే చిన్న ఆధారమూ పోతుంది.

సానుభూతితో చేసే నేరం ఒకటుంది. అత్యాచార బాధితురాలి పేరు, ఫొటో పెట్టి ‘న్యాయం జరగాలి’ అని పంచుకోవడం. బీఎన్‌ఎస్ 72వ సెక్షన్ కింద దీనికి రెండేళ్ల వరకు జైలు. మంచి మనసుతో చేశామన్నది ఇక్కడ అక్కరకు రాదు.

ప్రశ్న: ఇంటి చెక్కపని సగంలో వదిలేసిన కాంట్రాక్టరు గురించి పేరు పెట్టి పోస్టు రాశాను. ఇప్పుడు లాయరు నోటీసు వచ్చింది: పోస్టు తీసి, క్షమాపణ చెప్పి, 10 లక్షలు కట్టాలట. భయంగా ఉంది.

జవాబు: లాయరు నోటీసు కోర్టు ఉత్తర్వు కాదు. అందులోని అంకె అవతలివారు అడిగేది మాత్రమే. అలాగని చెత్తబుట్టలో వేయకండి, నవ్వులాటగా దాన్ని ఫొటో తీసి మళ్లీ పోస్టూ పెట్టకండి. ఈ రెండో పనివల్ల కొత్త ప్రచురణ, కొత్త తగాదా పుడతాయి.

ముందుగా మీ పోస్టుని కామెంట్లతో సహా భద్రపరచి, కాగితం మీదికి తీసుకోండి. ఒక్కో వాక్యం పక్కన రాయండి: ఇది జరిగిన విషయమా, నా అభిప్రాయమా? జరిగిన విషయమైతే నా దగ్గర రుజువేమిటి? ఉదాహరణకు ఇలాంటి పోస్టు చూడండి: ‘వీడు పచ్చి మోసగాడు. ఇలా ఎంతోమందిని ముంచాడు. నాసిరకం ప్లైవుడ్ అంటగడతాడు.’ ఇందులో మూడు వాక్యాలూ కూలిపోయేవే. ‘మోసగాడు’ అంటే మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశమే ఉందని రుజువు చేయాలి. ‘ఎంతోమందిని’ అంటే ఆ మిగతావాళ్లు వచ్చి చెప్పాలి. ‘నాసిరకం’ అంటే పరీక్ష నివేదిక కావాలి.

అదే కోపాన్ని ఇలా రాయవచ్చు: ‘మార్చి 3న ఒప్పందం. మొత్తం 4 లక్షల్లో 3 లక్షలు ఇచ్చాం, బ్యాంకు రసీదులున్నాయి. 45 రోజుల్లో పూర్తిచేస్తామన్నారు. 90 రోజులైనా వంటగది అరలు బిగించలేదు. చివరి నాలుగు మెసేజ్‌లకు జవాబు లేదు. నా అనుభవంతో చూస్తే ఈయనకు ముందుగా డబ్బు ఇవ్వడం ప్రమాదం.’ చదివేవాడికి ఇదే ఎక్కువ పనికొస్తుంది, అవతలి లాయరుకి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. చివరి వాక్యం అభిప్రాయమే, కానీ అది దేనిమీద నిలబడిందో పైనే ఉంది.

రుజువు చేయలేని వాక్యాలను సరిదిద్దండి, కింద ‘ఫలానా తేదీన సవరించాను’ అని రాయండి. తర్వాత లాయరు ద్వారా నోటీసుకి జవాబు పంపండి. ఏ వాక్యాలకు కట్టుబడి ఉన్నారో, వాటికి ఏ కాగితాలున్నాయో అందులో చెప్పించండి.

చట్టపరంగా మీ ముందున్నవి రెండు. సివిల్ దావాలో నష్టపరిహారం అడగవచ్చు. అది పోస్టు వెలువడిన ఏడాదిలోగా వేయాలి, అక్కడ నిజమని రుజువైతే చాలు. క్రిమినల్ కేసు బీఎన్‌ఎస్ 356 కింద వస్తుంది. గరిష్ఠంగా రెండేళ్ల సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజసేవ. అక్కడ నిజం ఒక్కటే సరిపోదు, అది చెప్పడం ప్రజల మేలు కోసమని కూడా చూపాలి. ఎదుటివారిని జాగ్రత్తపరచడానికి సద్భావనతో చెప్పిన మాటకు ఆ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. పరువునష్టంలో పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టలేరు. బాధితుడు మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు వేయాలి, దాన్ని విచారణకు స్వీకరించకముందే మీ వాదన వినాలని కొత్త నేరవిచారణ చట్టం (బీఎన్‌ఎస్‌ఎస్) చెబుతోంది. కాబట్టి ‘రేపు ఠాణాకి ఈడ్చుకెళతాం’ అన్న బెదిరింపుకి జడవనక్కర్లేదు.

మీకు కావలసింది పని పూర్తికావడమో, డబ్బు తిరిగి రావడమో అయితే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. అధికారం ఉన్నవారికి సద్భావనతో చేసిన ఫిర్యాదుకీ ఆ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. పోస్టు చేయలేని పని అక్కడ జరుగుతుంది.

ప్రశ్న: ‘ఇది 66-ఎ కింద నేరం, మూడేళ్లు జైలు’ అని ఒకరు కామెంట్లలో బెదిరిస్తున్నారు.

జవాబు: ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మెసేజ్‌లు పంపడాన్ని నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66-ఎ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో పూర్తిగా కొట్టేసింది. తీర్పు ఇచ్చిన ఇద్దరు న్యాయమూర్తుల్లో మన జాస్తి చలమేశ్వర్ ఒకరు. కొట్టేశాక కూడా కొన్నిచోట్ల పోలీసులు ఆ సెక్షన్ వాడుతుంటే, దాని కింద ఎవరినీ విచారించవద్దని 2022 అక్టోబరులో కోర్టు మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది. ఎఫ్‌ఐఆర్‌లో అది కనబడితే లాయరుకి మొదట అదే చూపించండి. మిగతా సెక్షన్లు ఏమున్నాయో చదవడం మాత్రం మరవకండి, 66-ఎ ఒక్కటే పెట్టడం అరుదు.

ప్రశ్న: మతం, కులం గురించి చర్చించాలంటేనే భయమేస్తోంది. మనోభావాలు దెబ్బతిన్నాయని ఎవరు కేసు పెట్టినా నిలుస్తుందా? గీత ఎక్కడుంది?

జవాబు: అనుకునేదానికన్నా గీత దూరంగానే ఉంది. శ్రేయా సింఘాల్ తీర్పు మాటని మూడు దశలుగా చూసింది: చర్చ, సమర్థన, రెచ్చగొట్టడం. మొదటి రెండూ ఎంత చేదుగా ఉన్నా స్వేచ్ఛలో భాగమే. మూడో దశకి వచ్చినప్పుడే 19(2) అధికరణంలోని పరిమితులు వర్తిస్తాయి. ఆ పరిమితుల జాబితాలో శాంతిభద్రతలు, పరువునష్టం, నేరానికి పురిగొల్పడం లాంటివి ఉన్నాయి. ‘ఎవరికో నచ్చకపోవడం’ అన్నది లేదు.

వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం (బీఎన్‌ఎస్ 196) నేరం కావాలంటే కనీసం రెండు వర్గాలు అందులో ఉండాలని సుప్రీంకోర్టు 1997లోనే ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో చెప్పింది. మతాన్ని అవమానించడం (299) కావాలంటే ఉద్దేశపూర్వకమైన, దురుద్దేశంతో కూడిన చర్య అయి ఉండాలి. రెండిటికీ మూడేళ్ల వరకు శిక్ష, 196లో ప్రార్థనాస్థలంలో చేస్తే ఐదేళ్లు. సోషల్ మీడియాలో పెట్టిన వీడియోలోని ఒక కవిత మీద పెట్టిన ఎఫ్‌ఐఆర్‌ని 2025 మార్చి 28న కొట్టేస్తూ సుప్రీంకోర్టు, మాటల ప్రభావాన్ని దృఢమైన మనసు, ధైర్యం, వివేకం ఉన్న మనిషి కళ్లతో చూడాలని, ప్రతి విమర్శలోనూ ప్రమాదాన్ని చూసేవారి కళ్లతో చూడకూడదని చెప్పింది. మూడేళ్ల నుంచి ఏడేళ్లలోపు శిక్షపడే ఇలాంటి కేసుల్లో ముందు ప్రాథమిక విచారణ జరపడమే తగినదని కూడా ఆ తీర్పు చెప్పింది. దానికి చట్టం ఇచ్చిన గడువు 14 రోజులు.

అయితే తీర్పు వచ్చేదాకా తిరగాల్సింది మీరే కాబట్టి, ఎక్కడ జారతారో తెలుసుకోవడం మేలు. ‘ఈ ఆచారం స్త్రీలకు అన్యాయం చేస్తోంది’ అన్నది విమర్శ. ‘ఆ కులంవాళ్లంతా ఇంతే’ అన్నప్పుడు చర్చ ఆచారాన్ని వదిలి మనుషుల మీదికి వెళ్లింది. ‘వాళ్ల షాపుల్లో కొనకండి, వీధిలోకి రానివ్వకండి’ అన్నప్పుడు పిలుపుగా మారింది. సాధారణంగా ఈ జారుడు అసలు పోస్టులో ఉండదు, నలభయ్యో కామెంటు దగ్గర, పంతానికి పోయి రాసిన జవాబులో ఉంటుంది. ఎస్సీ, ఎస్టీలను కులం పేరుతో దూషించడం మరింత తీవ్రం. దానికి ప్రత్యేక చట్టం ఉంది, ముందస్తు బెయిలుకీ అందులో అడ్డు ఉంది. ఇంటర్నెట్‌లో పెట్టిన వీడియోలోని దూషణ కూడా ‘బహిరంగంగా’ చేసినదే అవుతుందని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది.

ప్రశ్న: నా ఫొటోతో దొంగ ఖాతా తెరిచి మార్ఫింగ్ చిత్రాలు పెడుతున్నారు. వెంటనే ఏం చేయాలి?

జవాబు: కంగారులో చాలామంది ముందు రిపోర్టు కొట్టేస్తారు, ఖాతా మాయమవుతుంది, సాక్ష్యమూ మాయమవుతుంది. అందుకని ముందు పది నిమిషాలు సాక్ష్యానికి కేటాయించండి. ప్రొఫైల్ పూర్తి లింకు కాపీ చేసి పెట్టుకోండి, పేరు ఒక్కటీ చాలదు, దాన్ని ఎప్పుడైనా మార్చేస్తారు. ఒక్కో పోస్టు లింకు, తేదీ సమయం కనబడే స్క్రీన్‌షాట్, మీకు మెసేజ్‌లు వస్తే ఆ చాట్ మొత్తం. ఫోన్ మార్చకండి, ఫార్మాట్ చేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యం కోర్టులో నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. చేతికి చేతికి మారిన స్క్రీన్‌షాట్ కన్నా అసలు ఫోన్ విలువైనది.

తర్వాత ఆ వేదికలో ‘నాలా నటిస్తున్నారు’ అన్న కారణం ఎంచుకుని రిపోర్టు చేయండి, ఆ వేదిక గ్రీవెన్స్ (ఫిర్యాదుల) అధికారికీ మెయిల్ పెట్టండి. నగ్న చిత్రాలు, మార్ఫింగ్, ఒకరిలా నటించడం మీద బాధితులు చేసే ఫిర్యాదుకు 2021 ఐటీ నిబంధనలు మొదట 24 గంటల గడువు పెట్టాయి, 2026 ఫిబ్రవరిలో దాన్ని 2 గంటలకు తగ్గించారు. పెద్దవారి నగ్న చిత్రాలైతే ‘స్టాప్ ఎన్‌సీఐఐ’ సైటు ఉపయోగపడుతుంది. చిత్రం మీ ఫోన్‌లోనే ఉంటుంది, దాని డిజిటల్ ముద్ర మాత్రమే వారికి వెళుతుంది, అందులో భాగమైన వేదికలు ఆ ముద్రతో పోల్చి ఆపుతాయి. పద్దెనిమిదేళ్లలోపు వారికి ఇలాంటిదే ‘టేక్ ఇట్ డౌన్’.

జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లలపై నేరాలకు పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేసే వీలుంది. కానీ కేసు ముందుకు సాగాలంటే పేరుతో ఇచ్చినదే బలం. ఏ పోలీస్ స్టేషన్‌కైనా వెళ్లవచ్చు, ‘మా పరిధి కాదు’ అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. ఐటీ చట్టంలోని 66-సి, 66-డి, 67, 67-ఎ సెక్షన్లలో ఏవి వర్తిస్తాయో వారు చూస్తారు. దొంగ ఖాతాతో మీరే మాట్లాడి ఎవరో కనిపెట్టాలని చూడకండి. రెండు మాటలు అటూ ఇటూ తూలితే ఆ స్క్రీన్‌షాట్లు మీమీదికే వస్తాయి.

ప్రశ్న: మారుపేరుతో రాయడం నేరమా?

జవాబు: కాదు. మారుపేరుతో మరొక నిజమైన మనిషిలా నటించి మోసగించడం నేరం. పేరు దాచుకుని బెదిరించడం అంతకన్నా ప్రమాదం. మామూలు బెదిరింపుకి పడే శిక్షకు తోడు మరో రెండేళ్ల వరకు అదనం (బీఎన్‌ఎస్ 351). మారుపేరు పాఠకుల నుంచి దాస్తుంది, దర్యాప్తు నుంచి దాయదు.

ప్రశ్న: నేను పెట్టిన పోస్టుని వేదికే తీసేసింది. ‘కమ్యూనిటీ నియమాల ఉల్లంఘన’ అన్న ముక్క తప్ప వివరం లేదు. ఎవరిని అడగాలి?

జవాబు: 50 లక్షలకు పైగా నమోదిత వాడకందారులున్న వేదిక తనంత తానుగా పోస్టు తీసేస్తే, కారణం చెప్పి, మీ వాదన వినే అవకాశం ఇవ్వాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. మొదట యాప్‌లోనే అప్పీలు బటన్ నొక్కండి. చాలా తొలగింపులు యంత్రం చేసినవే, మనిషి చూస్తే కొన్ని తిరిగి వస్తాయి. వ్యంగ్యం, ఖండించడానికి ఉటంకించిన బూతుమాట, తెలుగులో రెండర్థాలున్న పదం లాంటివి యంత్రానికి అందవు. అప్పీలులో ‘నా హక్కు’ అని రాయడం కన్నా ‘రెండో వాక్యం నాది కాదు, ఫలానావారి మాటని ఖండిస్తూ ఉటంకించాను’ అని చూపడం పనిచేస్తుంది.

అక్కడ తేలకపోతే భారత్‌లోని గ్రీవెన్స్ అధికారికి రాయండి. పేరు, మెయిల్ ఆ వేదిక సైటులోనే ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలపాలి. ఆయన నిర్ణయం నచ్చకపోతే అది అందిన 30 రోజుల్లోగా కేంద్రం 2023లో ఏర్పాటుచేసిన గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే వెళ్లవచ్చు, లాయరు అక్కర్లేదు. వీటన్నిటిలో వాయిదా వేయకండి. ఫిర్యాదు మీద తీసేసిన సమాచారాన్ని వేదిక భద్రపరచాలని నిబంధనలు చెప్పే కాలం 180 రోజులే. ముఖ్యమైనది రాసేటప్పుడు అసలు ప్రతి ఒకటి మీ కంప్యూటర్‌లో ఉంచుకోండి. ఏమి రాశారో చూపలేకపోతే ఎందుకు తీశారని అడగడం కష్టం.